దూరం కొంచెం, ఛార్జీ ఘనం కాకుండా: రోజువారీ ప్రయాణానికి 17 చిట్కాలు

ఇంటి నుంచి ఆఫీసుకో, దుకాణానికో, కాలేజీకో దూరం పది కిలోమీటర్ల లోపే ఉంటుంది. అయినా నెలాఖరున చూసుకుంటే రానుపోను ఛార్జీలు కిరాణా బిల్లుతో పోటీపడుతుంటాయి. చాలా ఇళ్లలో దీనికి కారణం తొందరే. తొమ్మిదింటికి సీట్లో ఉండాలి, గేటు దాటేసరికి ఎనిమిదిన్నర. ఎదురుగా ఆటో కనబడగానే ఎక్కేస్తాం. ఆ సమయంలో మనం బేరమాడలేమని ఆటో అతనికీ తెలుసు, యాప్‌కీ తెలుసు.

అందరికీ, అన్ని దారుల్లో చౌకైన వాహనం అంటూ ఏదీ లేదు. దారిని ముక్కలుగా చూసుకుని, ఏ ముక్కకు ఏది చౌకో తీరిగ్గా తేల్చుకుని పెట్టుకుంటే పొద్దున్నే ఆలోచించే పని తప్పుతుంది. ఆ లెక్క వేసుకోవడానికే ఈ చిట్కాలు. ధరలు చెప్పాల్సిన చోట ఎక్కువగా హైదరాబాద్‌లో 2025లో ఉన్నవే తీసుకున్నాం. మీ ఊరి ధరలు పెట్టుకున్నా లెక్క వేసే పద్ధతి ఇదే.

1. లెక్క నెలకు వేయండి, గుమ్మం నుంచి గుమ్మం దాకా వేయండి

‘మెట్రోకి ముప్ఫై ఏడే కదా’ అనుకుంటాం. ఇంటి నుంచి స్టేషన్‌కి ఆటో 30, దిగాక ఆఫీసుకి షేర్ ఆటో 20 కలిపితే ఒకవైపే 87 రూపాయలు. రానుపోను 174. నెలకు 25 పనిదినాలైతే 4,350. ఇందులో మెట్రోకి పోయింది 1,850 మాత్రమే. మిగతా 2,500 ఆ చివర ఒక కిలోమీటరుకీ, ఈ చివర ఒక కిలోమీటరుకీ పోయింది. రోజు లెక్కలో కనబడని ఖర్చు నెల లెక్కలో బయటపడుతుంది. కాబట్టి ముందు ఒక కాగితం మీద మీ దారి రాసి, ఎక్కే చోటు, మారే చోటు, దిగే చోటు, ఒక్కోదానికి అయ్యే డబ్బు, పట్టే సమయం వేసుకోండి.

2. రెండు చివరలనూ కాళ్లకు అప్పగించండి

మామూలు నడకలో కిలోమీటరుకు 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఆటో కోసం ఎదురుచూసి, బేరమాడి, ట్రాఫిక్ దాటేసరికి దాదాపు అంతే సమయం అవుతుంది. పై లెక్కలో రెండు చివరలా నడిస్తే నెలకు 2,500 మిగులుతుంది. రెండువైపులా కుదరకపోతే సాయంత్రం పూట ఇంటివైపు నడవండి. అప్పుడు చెమట పట్టినా ఇబ్బంది ఉండదు. ఆఫీసు చెప్పులు సంచిలో పెట్టుకుని, నడకకు పాత బూట్లు వేసుకుంటే మడమ నొప్పి రాదు. ఫుట్‌పాత్ లేని రోడ్డయితే లోపలి వీధుల్లోంచి దారి ఉందేమో ఒక ఆదివారం చూసి పెట్టుకోండి.

3. మహిళలూ, ముందు బస్సు సంగతి చూడండి

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు వర్తిస్తుంది. ఏసీ, డీలక్స్ బస్సులు ఈ పథకాల్లోకి రావు. బోర్డు చూడకుండా ఎక్కితే టికెట్ కొనాల్సిందే.

ఆ రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. డబ్బు కట్టకపోయినా సున్నా టికెట్ మాత్రం అడిగి తీసుకోండి. తనిఖీలో మీకు అదే రక్ష. ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు తిరిగి చెల్లించేదీ ఆ టికెట్ల లెక్క మీదే. బెంగళూరులో ఉండే తెలుగు ఆడపడుచులు ఒక సంగతి గమనించాలి. అక్కడి శక్తి పథకం కర్ణాటక చిరునామా ఉన్నవారికే. ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామాయే ఉంటే టికెట్ కొనుక్కోవాలి. చెన్నైలో మామూలు సిటీ బస్సుల్లో మహిళలకు ఉచితమే.

4. బస్ పాసు కొనేముందు ‘28 రూపాయల’ లెక్క వేయండి

హైదరాబాద్‌లో 2025 జూన్‌లో ధరలు పెరిగాక నెల పాసు ఆర్డినరీకి 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్‌కి 1,600, మెట్రో డీలక్స్‌కి 1,800 అయింది. 25 రోజులు, రోజుకు రెండు ప్రయాణాలు అంటే యాభై. 1,400ను యాభైతో భాగిస్తే 28. మీ ఒకవైపు టికెట్ 28 కంటే తక్కువై, మధ్యలో బస్సు మారే పని లేకపోతే పాసు నష్టమే. వారానికి ఐదు రోజులే ఆఫీసైతే ఆ 28 కాస్తా 32 దగ్గరికి వెళ్తుంది.

రెండు బస్సులు మారేవారికి, మధ్యాహ్నం పని మీద తిరిగేవారికి పాసు కచ్చితంగా లాభం. సెలవులు ఎక్కువగా పెట్టే నెల ముందే తెలుస్తుంది కాబట్టి, దసరా, సంక్రాంతి నెలల్లో పాసు మానేసి విడి టికెట్లు తీసుకోవచ్చు. కాలేజీకి వెళ్లే అబ్బాయి ఉంటే విద్యార్థి పాసు విడిగా అడగండి. అది మామూలు పాసులో సగం ధర కూడా ఉండదు.

5. ఛార్జీ ఎక్కడ మారుతుందో తెలుసుకోండి

బస్సు ఛార్జీ స్టేజీల లెక్కన, మెట్రో ఛార్జీ కిలోమీటర్ల స్లాబుల లెక్కన ఉంటుంది. హైదరాబాద్ మెట్రోలో 2025 మేలో సవరించిన ధరల ప్రకారం 2 కిలోమీటర్ల దాకా 11, 4 దాకా 17, 6 దాకా 28, 9 దాకా 37 రూపాయలు. 4 కిలోమీటర్లు దాటగానే ఒక్కసారిగా 11 రూపాయలు పెరుగుతుంది చూడండి. మీరు దిగే స్టేషన్ ఆ గీతకు కాస్త అవతల ఉంటే, ఒక స్టేషన్ ముందే దిగి నడిస్తే రోజుకు 22, నెలకు 550 మిగులుతాయి.

బస్సులో కూడా ఇంతే. కొన్నిచోట్ల ఒక స్టాపు ముందుకో వెనక్కో నడిచి ఎక్కితే స్టేజీ తగ్గుతుంది. మీ స్టాపు ఏ స్టేజీలోకి వస్తుందో రద్దీ లేని వేళ కండక్టర్‌ను అడిగితే చెబుతారు.

6. బస్సు కోసం ఎదురుచూడటం మానేసి, బస్సు వచ్చే వేళకు వెళ్లండి

బస్సు చౌకే గానీ ఎప్పుడొస్తుందో తెలియదన్నదే చాలామంది ఫిర్యాదు. తెలంగాణ ఆర్టీసీ ‘గమ్యం’ యాప్‌లో, ఏపీఎస్ ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్‌లో బస్సు ఎక్కడుందో చూడవచ్చు. ఒక వారం పాటు మీ స్టాపుకు ఏ బస్సు ఎన్నింటికి వస్తోందో రాసుకుంటే, యాప్ పనిచేయని రోజు కూడా ఇబ్బంది ఉండదు. డిపోకు, బస్టాండుకు దగ్గర్లో ఉండేవారు కాస్త వెనక్కి వెళ్లి అక్కడే ఎక్కితే సీటు దొరుకుతుంది. ఒకే నంబరు బస్సు కోసం పట్టుబట్టకండి. మీ దారిలో సగం దాకా వెళ్లే బస్సుల నంబర్లు కూడా తెలిసి ఉంటే ఎదురుచూపు బాగా తగ్గుతుంది.

7. దగ్గర్లో రైలు పట్టాలుంటే వదలకండి

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. ఈనాటికీ కనీస టికెట్ ఐదు రూపాయలే. టికెట్ కొని ఎక్కేవాటిలో నగరంలో ఇంతకంటే చౌక వాహనం మరొకటి లేదు. రైళ్ల మధ్య విరామం ఎక్కువ ఉండటం, కొన్ని ఆలస్యంగా నడవటం దీనిలోని లోపాలు. అందుకే వేళలు కాస్త అటూ ఇటూ జరుపుకోగలిగిన ఉద్యోగాలకు ఇది బాగా సరిపోతుంది. భరత్‌నగర్, ఖైరతాబాద్, నాంపల్లి, మలక్‌పేటల్లో మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి రైలు అందని రోజు మెట్రో ఎక్కవచ్చు.

గుంటూరు, తెనాలి నుంచి విజయవాడకు రోజూ వెళ్లేవారికి, కాజీపేట, వరంగల్ మధ్య తిరిగేవారికి నెలవారీ సీజన్ టికెట్ ఉంది. విడి టికెట్లన్నీ కలిపిన ధర కంటే ఇది బాగా తక్కువకే వస్తుంది. ఒకే రోజు ఎన్నిసార్లయినా తిరగవచ్చు. స్టేషన్‌లో వరసలో నిలబడకుండా రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు.

8. షేర్ ఆటో ఎక్కేముందు మూడు విషయాలు చూడండి

విశాఖలో గాజువాక, ఎన్ఏడీ కూడలి, మద్దిలపాలెం దారిలోనూ, విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కలా, హైదరాబాద్ మెహదీపట్నంలోనూ పేద, మధ్యతరగతి వారికి రోజూ దిక్కు షేర్ ఆటోనే. సీటు లెక్కన తీసుకుంటారు కాబట్టి రెండు మూడు కిలోమీటర్లకు ఇది లాభం.

ఎక్కేముందు సీటు ధర అడగండి. దిగాక అడిగితే వాళ్లు చెప్పిందే ధర. డ్రైవర్ పక్కన కూర్చోకండి. అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బ్రేకు వేస్తే మొదట పడేది మీరే. వెనక సీటు ఇప్పటికే ఇరుకైతే ఇంకో రెండు నిమిషాలు ఆగి వెనక వచ్చేది ఎక్కండి. చిల్లర సరిగ్గా పెట్టుకోండి. ‘చిల్లర లేదండీ’ అన్న మాటతో రోజుకు ఐదు పోయినా నెలకు నూటపాతిక.

9. ఆటో మాట్లాడేటప్పుడు మీటరు రేటు మనసులో ఉంచుకోండి

హైదరాబాద్‌లో 2014లో నిర్ణయించిన రేటు ప్రకారం మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 11. ఆ లెక్కన 8 కిలోమీటర్లకు దాదాపు 90. ఈ రోజుల్లో ఆ రేటుకు మీటరు వేసే ఆటో దొరకడం కష్టమే. గ్యాసు, విడిభాగాల ధరలు పెరిగినా రేటు మారలేదన్న డ్రైవర్ల మాటలోనూ న్యాయం ఉంది. అయినా ఆ అంకె తెలిసి ఉంటే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

అడ్డాలో ఆగి ఉన్న ఆటో కంటే దారిన పోతున్న ఖాళీ ఆటో తక్కువకు వస్తుంది. రోడ్డుకు మీరు వెళ్లే వైపు నిలబడండి. యూటర్న్ తిరగాల్సి వస్తే ఆ తిరుగుడుకూ కలిపి అడుగుతారు. రోజూ ఒకే వేళకు వెళ్లేవారు నమ్మకమైన డ్రైవర్‌తో నెలకు ఇంతని మాట్లాడుకుంటే ఇద్దరికీ మేలు. ఆయనకు కచ్చితమైన కిరాయి, మీకు రోజూ గొడవ తప్పడం.

10. యాప్ చూపిన మొదటి ధరకే ఒప్పుకోకండి

రెండు మూడు యాప్‌లు ఫోన్‌లో ఉంచుకుని ధరలు పోల్చండి. ఒకే దూరానికి, ఒకే నిమిషంలో తేడా కనిపిస్తుంది. రద్దీ వేళల్లో ఛార్జీని పెంచడం వీటి పద్ధతి. కేంద్రం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలా మూల ఛార్జీకి రెండింతల దాకా పెంచే వీలు ఉంది. అంటే వానపడే సాయంత్రం మీ నూరు రూపాయల దారి రెండు వందలు కావచ్చు. పావుగంట ఆగితే చాలాసార్లు ధర దిగివస్తుంది.

గల్లీ లోపలికి పిలవకుండా మెయిన్ రోడ్డు మీదికి వచ్చి బుక్ చేయండి. డ్రైవర్ తొందరగా దొరుకుతాడు, క్యాన్సిల్ చేయడమూ తగ్గుతుంది. ఫోన్ చేసి ‘ఎంత చూపిస్తోంది, పైన ఇంకో ఇరవై ఇవ్వండి’ అనే డ్రైవర్‌తో వాదించి సమయం పోగొట్టుకోకుండా ఇంకొకటి చూసుకోండి. డ్రైవర్ నుంచి కమిషన్ తీసుకోని ‘మన యాత్రి’ లాంటివీ హైదరాబాద్‌లో ఉన్నాయి.

11. బైక్ ట్యాక్సీని చిన్న ముక్కకే వాడండి

ఒక్కరే వెళ్తుంటే స్టేషన్ నుంచి ఆఫీసు దాకా మూడు నాలుగు కిలోమీటర్లకు ఆటో కంటే ఇది చౌక, ట్రాఫిక్‌లోనూ ముందుకు వెళ్తుంది. మొత్తం దారికి రోజూ వాడితే మాత్రం బస్ పాసు ఖర్చు నెల తిరగకముందే దాటిపోవచ్చు. వెనక కూర్చునేవారికీ హెల్మెట్ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. డ్రైవర్ ఇచ్చే హెల్మెట్‌కు పట్టీ లేకపోతే, తలకు పట్టకపోతే ఎక్కకండి. రోజూ వెళ్లేవారు సొంత హెల్మెట్ తీసుకెళ్లడం మేలు. సొంత వాడకానికి తీసుకున్న బీమా, బండిని కిరాయికి తిప్పితే వర్తించకపోవచ్చు. బండి నంబరు యాప్‌లో చూపిన నంబరుతో సరిపోయిందో లేదో ప్రతిసారీ చూడండి.

12. ఐదు కిలోమీటర్ల లోపు సైకిల్‌ను మించింది లేదు

నింపాదిగా తొక్కినా గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు వెళ్తుంది. నాలుగు కిలోమీటర్లు ఇరవై నిమిషాల్లోపే. పెట్రోలు లేదు, బీమా లేదు, లైసెన్సు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. గేర్లున్న ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. మడ్‌గార్డ్‌లు, వెనక క్యారియర్, చైన్ కవర్ ఉన్న మామూలు సైకిలే ఆఫీసుకు వెళ్లడానికి నయం, ప్యాంటుకు గ్రీజు అంటదు.

విజయవాడ లాంటి చదునైన ఊళ్లలో కాలువ గట్ల పక్క రోడ్లు సైకిల్‌కు అనువు. విశాఖలో ఎత్తుపల్లాలు, హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు చూసుకుని దారి ఎంచుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో వచ్చింది గానీ, ఆ దారిలోనే ఇల్లూ ఆఫీసూ ఉన్నవారికి తప్ప అది వ్యాయామానికే. ముందూ వెనకా లైట్లు, గట్టి తాళం మాత్రం మొదటి రోజే కొనండి.

13. స్కూటర్ ఖర్చంటే పెట్రోలొక్కటే అనుకోకండి

ఒకవైపు 8 కిలోమీటర్లయితే నెలకు 400 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే స్కూటర్‌కు తొమ్మిది లీటర్లు, లీటరు 107 రూపాయల పైచిలుకు అనుకుంటే దాదాపు 960. సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీ కలిపి నెలకు 400 పక్కన పెట్టాలి. 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్ పార్టీ బీమా ఏడాదికి 714, అంటే నెలకు 60. ఇవన్నీ కలిపితే 1,400 దాటింది. తొంభై వేలకు కొని, ఎనిమిదేళ్లు వాడి, ఇరవై వేలకు అమ్మితే అరుగుదల నెలకు మరో 730. మొత్తం 2,150 దాకా. లోను తీసుకుంటే వడ్డీ అదనం.

కాబట్టి ఇంట్లో ఇప్పటికే బండి ఉంటే దాన్ని వాడటం బస్ పాసుతో సమానం. కేవలం ఆఫీసు కోసమే కొత్తది కొనడం పాసు కంటే, 8 కిలోమీటర్ల మెట్రో టికెట్ కంటే ఖరీదు. ఇద్దరు కలిసి వెళ్తే మాత్రం లెక్క తిరగబడి స్కూటరే గెలుస్తుంది.

14. ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేముందు కరెంటు బిల్లు తీసి చూడండి

ఒక యూనిట్‌కు ముప్ఫై కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ఛార్జింగ్‌లో పోయేదీ కలిపి 400 కిలోమీటర్లకు 15 యూనిట్లు చాలు. పెట్రోలు 960తో పోలిస్తే ఇది దాదాపు లేనట్టే. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు.

చిక్కు స్లాబుల్లో ఉంది. తెలంగాణలో నెలకు 190 యూనిట్లు వాడే ఇంటికి స్థిర ఛార్జీలు కాక 772 రూపాయలు వస్తుంది. మరో 15 కలిసి 205 అయితే మొదటి 200 యూనిట్ల ధరే మారిపోయి బిల్లు 1,058కి చేరుతుంది. అంటే ఆ 15 యూనిట్లకు 286. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వచ్చే ఇల్లయితే, గీత దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. ఫ్యాన్లు, కూలర్ ఆడే ఎండాకాలంలో ముఖ్యంగా చూసుకోండి. అపార్ట్‌మెంట్లో అయితే కింద పార్కింగ్‌లో మీ మీటరు నుంచి ప్లగ్ పాయింట్ ఇస్తారో లేదో కొనకముందే అడగండి. గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. పక్క వీధి దుకాణానికి, స్టేషన్‌కి అది చాలు.

15. పాత బండి కొంటే కాగితాలు ముందు, బేరం తర్వాత

దగ్గరి దూరాలకు కొత్త బండే కావాలని లేదు. నంబరు వేసి పెండింగ్ చలాన్లు ఎన్ని ఉన్నాయో చూడండి. అవి కట్టాకే డబ్బు ఇస్తామనండి. ఆర్‌సీ 15 ఏళ్ల గడువుకు ఇంకెంత ఉందో, లోను తీరినట్టు బ్యాంకు పత్రం ఉందో, బీమా నడుస్తోందో చూసుకోండి. 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకుని పేరు మార్పు నెలలోపే పూర్తిచేయండి. అమ్మేవారైనా కొనేవారైనా ‘తర్వాత చూద్దాం’ అంటే, రేపు ప్రమాదం జరిగిన రోజు ఇద్దరూ చిక్కుల్లో పడతారు. బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడండి. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే అనుమానించాల్సిందే.

16. ఇంట్లో అందరి ప్రయాణాలూ ఒకే కాగితం మీద రాయండి

భర్త స్కూటర్ మీద, భార్య ఆటోలో, అబ్బాయి బైక్ ట్యాక్సీలో ఒకే వైపు, అరగంట తేడాతో వెళ్లే ఇళ్లున్నాయి. ఎవరి దారి వాళ్లది విడిగా చూస్తే ఇది తట్టదు. అందరి వేళలూ పక్కపక్కన రాస్తే ఒకరిని దారిలో బస్టాపు దగ్గరో మెట్రో దగ్గరో దింపడం కుదురుతుందని తెలుస్తుంది. ఆడవారికి బస్సు ఉచితం కాబట్టి, స్కూటర్ అవసరం ఎక్కువున్న వారికి వదిలి మిగతావారు బస్సు ఎక్కవచ్చు. ఒకే కాలనీ నుంచి ఒకే ఆఫీసుకు వెళ్లే నలుగురు ఒక కారులో వెళ్లి పెట్రోలు పంచుకుంటే ఒక్కొక్కరి వాటా స్కూటర్ పెట్రోలు కంటే పెద్దగా మించదు. కూరగాయలు, మందులు లాంటి పనులను ఆఫీసు దారిలోనే కలుపుకుంటే విడి ప్రయాణాలు తగ్గుతాయి.

17. వానకూ, రాత్రికీ విడిగా డబ్బు పెట్టుకోండి

ఏ ఏర్పాటైనా జూన్ నుంచి సెప్టెంబరు దాకా పరీక్షకు నిలబడాలి. గంట వానకే రోడ్లు మునిగే చోట సైకిల్, స్కూటర్ రెండూ ఇంట్లోనే ఉంటాయి. సైకిల్ తొక్కేవారు ఆ మూడు నాలుగు నెలలు బస్ పాసుకు మారిపోవచ్చు. నెల బడ్జెట్‌లో నాలుగైదు ఆటో ప్రయాణాలకు సరిపడా మొత్తం పక్కన పెట్టుకోండి. ఆలస్యమైన రాత్రి, ఒంట్లో బాగోలేని రోజు, పాపను ఎత్తుకుని వెళ్లాల్సిన రోజు డబ్బు చూసుకోకుండా సురక్షితమైన వాహనమే ఎక్కండి. నిర్మానుష్యమైన చోట నలభై రూపాయలు మిగుల్చుకోవడం పొదుపు అనిపించుకోదు.

చివరగా

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే తేలేది ఇదీ. కిలోమీటరున్నర లోపు నడక, ఐదు దాకా సైకిల్, ఆపైన మహిళలకు బస్సు, దగ్గర్లో స్టేషన్ ఉన్నవారికి రైలు, రెండు బస్సులు మారేవారికి పాసు, ఇద్దరు కలిసి వెళ్లే చోట ఇంట్లో ఉన్న స్కూటర్. ఆటో, క్యాబ్‌లను అవసరానికే ఉంచుకోవాలి. మీ దారికి సరిపోయే కలయిక ఒకటి ఎంచుకుని ఒక నెల వాడి చూడండి. కుదిరితే కొనసాగించండి. లేకపోతే ఒక్క ముక్క మాత్రమే మార్చి మళ్లీ చూడండి. ఛార్జీలు ఎప్పుడు పెరిగినా ఆ కాగితం తీసి అంకెలు తిరగరాయడం మరవకండి.